పది రెట్లు చూపించే చేతి లెన్స్: టేకు వలయాలు చదవడానికి ఎంత పనికొస్తుంది?

విజయనగరంలో గంటస్తంభం నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, స్కూళ్ళకూ కాలేజీలకూ ల్యాబ్ సామాన్లు అమ్మే చిన్న కొట్టు ఒకటుంది. అక్కడ 280 రూపాయలకు కొన్న మడత చేతి లెన్స్ గురించి రాస్తున్నాను. డబ్బీ మీద కంపెనీ పేరు లేదు. స్టీలు తొడుగు మీద టెన్ ఎక్స్ అని మాత్రం చెక్కి ఉంది. నేను బొబ్బిలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా చిన్నాన్న వడ్రంగి. గుమ్మాలు, కిటికీలు చేస్తారు. అందుకని మా ఇంట్లో టేకు ముక్కలకు కొదవ లేదు. ఈ లెన్స్‌తో పువ్వులూ చీమలూ చూసేవాళ్ళు చూస్తారు గానీ, నేను దీన్ని చెక్క కోసమే వాడుతున్నాను. చెట్టు అడ్డుకోతలో వలయాలు చదవాలనే ఆసక్తి ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చు. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

ముందు వస్తువు సంగతి. లెన్స్ గాజుదే, ప్లాస్టిక్ కాదు. వ్యాసం దాదాపు 20 మిల్లీమీటర్లు. ఒక్క స్క్రూ మీద తిరిగి తొడుగులోకి మడుచుకుంటుంది కాబట్టి గాజు మీద గీతలు పడవు. పది రెట్లు అన్నది నిజమేనా అని స్కేలుతో చూశాను. లెక్క సులువే: 25 సెంటీమీటర్లను పెద్దది చేసే రెట్లతో భాగిస్తే, వస్తువును లెన్స్‌కు ఎంత దగ్గరగా పెట్టాలో వస్తుంది. పది రెట్లకు రెండున్నర సెంటీమీటర్లు రావాలి. దీనికి సరిగ్గా అంతే వచ్చింది. మా స్కూల్లో మరో టీచర్ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న లెన్స్ మీద ముప్ఫై రెట్లు అని ఉంది, రెండు లైట్లు కూడా ఉన్నాయి. అదేమో ఐదు సెంటీమీటర్ల దూరంలో స్పష్టంగా చూపిస్తోంది. అంటే ఐదు రెట్లకు మించి లేదన్నమాట. నిజంగా ముప్ఫై రెట్లయితే చెక్కను ఎనిమిది మిల్లీమీటర్ల దగ్గరికి తేవాలి. పెద్ద అంకె చూసి డబ్బులు పెట్టకండి. కొట్లో స్కేలు అడిగి అక్కడే కొలవండి.

వాడే పద్ధతి తెలియకపోతే ఎంత మంచి లెన్సైనా మసకగానే ఉంటుంది. చాలామంది డిటెక్టివ్ సినిమాల్లోలాగా చెయ్యి చాచి పట్టుకుంటారు. అలా కాదు. లెన్స్‌ను కంటికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని, చెక్కముక్కను దాని దగ్గరికి తెచ్చుకోవాలి. వెలుతురు కిటికీ వైపు నుంచి ఏటవాలుగా పడాలి. మా పిల్లలకు ఈ ఒక్కటి అలవాటు చెయ్యడానికే ఎక్కువ టైమ్ పట్టింది. అలవాటయ్యాక ఇక వాళ్ళ చేతుల్లోంచి తీసుకోవడం కష్టం.

దానికన్నా ముఖ్యం చెక్కను సిద్ధం చెయ్యడం. కోత మిల్లు నుంచి వచ్చిన ముక్కలో రంపపు గీతలే కనిపిస్తాయి, వలయాలు వాటి కింద దాక్కుంటాయి. చిన్నాన్న చూపించిన పద్ధతి ఇది: అడ్డుకోత మీద కాస్త నీళ్ళు రాసి, బాగా పదును పట్టిన వెడల్పు ఉలితో, నడిమి నుంచి బెరడు దాకా వేలెడు వెడల్పు దారి ఒకటి పల్చగా చెక్కాలి. మొత్తం దుంగను నున్నగా చెయ్యనక్కర్లేదు, ఆ దారి ఒక్కటి చాలు. ఉలి చేతకాకపోతే గరుకు కాగితం 80 నంబరుతో మొదలుపెట్టి 120, 220, 400 వరకూ రుద్దాలి. టేకుతో ఒక చిక్కుంది. రుద్దిన పొడి వెళ్ళి రంధ్రాల్లో కూరుకుపోతుంది. పాత టూత్‌బ్రష్‌తో గట్టిగా దులిపితే తప్ప అసలు చూడాల్సింది కనపడదు.

అప్పుడు చూడండి. టేకు అడ్డుకోతలో ఒక వరస పెద్ద రంధ్రాలు కనిపిస్తాయి. మామూలు కంటికి సూదిపోట్లలా ఉండేవి, లెన్స్ కింద నోళ్ళు తెరుచుకున్న గొట్టాలుగా తేలతాయి. అవి చెట్టు నీళ్ళు తోడుకునే దారునాళాలు. ఎండాకాలంలో ఆకులన్నీ రాల్చి మోడై నిలబడ్డ టేకు, తొలకరికి కొత్త ఆకు తొడిగేటప్పుడు బెరడు కిందుండే విభాజ్య పొర నిద్ర లేచి, ముందుగా ఈ పెద్ద గొట్టాలను వేస్తుంది. వానలు ముదిరి, వెనకబట్టే కొద్దీ గొట్టాలు చిన్నవవుతాయి, చెక్క దట్టమవుతుంది, రంగు చిక్కబడుతుంది. మళ్ళీ ఆకు రాలింది అంటే పని ఆగిపోయినట్టే. మరుసటి ఏడాది పెద్ద రంధ్రాల వరస మొదలైన చోట కత్తితో గీసినట్టు హద్దు. ఆ హద్దుకీ ఈ హద్దుకీ మధ్య ఉన్నది ఒక ఏడాది. వేడి దేశాల చెట్లలో ఇంత శుభ్రంగా ఏటికో గీత వేసేవి తక్కువ. టేకు మనకు దొరకడం అదృష్టం.

లెన్స్ లేకుండా ఈ లెక్క ఎందుకు తప్పుతుందో ఒక ముక్క దగ్గర బాగా తెలిసింది. చిన్నాన్నకు తెలిసిన రైతు పొలం గట్టు మీద 2001 వానలకు నాటిన టేకును 2023 ఎండాకాలంలో కొట్టించారు. మొదలు దగ్గర కోసిన బిళ్ళ మాకు ఇచ్చారు. లెక్క ప్రకారం 2001 నుంచి 2022 దాకా 22 వానాకాలాలు, 22 వలయాలు ఉండాలి. పిల్లలు కంటితో లెక్కపెడితే 23 వచ్చాయి. లెన్స్ పెట్టి ఒక్కో హద్దూ చూసుకుంటూ వస్తే, ఒక గీత దొంగ గీత అని తేలింది. అసలు హద్దుకు ఒక పక్క దట్టంగా ఉండి, రెండో పక్క ఠపీమని పెద్ద రంధ్రాలు మొదలవుతాయి. ఈ దొంగ గీతేమో రెండు వైపులా మెల్లగా కలిసిపోతోంది. వానాకాలం మధ్యలో వాన ముఖం చాటేసి, చెట్టు పని మందగించి, మళ్ళీ వానలు పడితే ఇలాంటివి వస్తాయి. పది రెట్లు పెద్దది చేసి చూస్తే గానీ ఈ తేడా దొరకదు. 280 రూపాయలకు ఇదొక్కటి చాలు.

ఆ బిళ్ళలోనే ఇంకొకటి ఉంది. బెరడు నుంచి లోపలికి లెక్కపెట్టి ఏ వలయం ఏ ఏడాదిదో గుర్తిస్తే, నాటినప్పటి నుంచి 2014 దాకా వేసిన వలయాలు దాదాపు గుండ్రంగా, అన్ని వైపులా సమంగా ఉన్నాయి. 2015 నుంచి ఒక వైపు వెడల్పు, ఎదుటి వైపు సన్నం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మన వైపు జిల్లాల్లో చెట్లు ఎలా పడ్డాయో ఎవరూ మర్చిపోయి ఉండరు. ఈ చెట్టు పడలేదు, ఒరిగింది. టేకులాంటి వెడల్పాకు చెట్టు ఒరిగితే, వాలిన వైపుకు ఎదురుగా, పైవైపున ఎక్కువ చెక్క వేసుకుని తనను తాను లాక్కుంటుంది. దేవదారు, పైన్ లాంటి సూదాకు చెట్లు దీనికి వ్యతిరేకంగా కింది వైపున పోసుకుని పైకి నెట్టుకుంటాయి. రైతును అడిగితే అవునన్నాడు, హుద్‌హుద్‌కు అది ఒక పక్కకు వాలిందట. ఎనిమిదేళ్ళ పాటు ఆ చెట్టు పడ్డ కష్టం ఒక వైపు వెడల్పుగా అచ్చుపడి ఉంది. నేను ఆ బిళ్ళను పారెయ్యనివ్వలేదు, వార్నిష్ కొట్టించి క్లాసులో పెట్టాను.

ఇక వాన సంగతి. 2009లో నైరుతి రుతుపవనాల వాన దేశం మొత్తం మీద సగటు కన్నా 22 శాతం తక్కువ కురిసింది. మా బిళ్ళలో 2009 వలయం పక్కవాటికన్నా సన్నగా ఉంది. పిల్లలు ఎగిరి గంతేశారు. నేను మాత్రం అక్కడే ఆపి చెప్పాల్సి వచ్చింది. ఒక్క చెట్టు చెప్పిన మాట సాక్ష్యం కాదు. ఆ ఏడు ఆకుతినే పురుగు పడి ఉండొచ్చు, టేకుకు ఆ బాధ ఎక్కువ. పక్కన ఇంకో చెట్టు ఎదిగి నీడ కప్పి ఉండొచ్చు. పైగా చెట్టు లావయ్యే కొద్దీ అంతే చెక్కను పెద్ద చుట్టు మీద పరచాలి కాబట్టి వలయాలు వాటంతట అవే సన్నబడతాయి. అందుకే ఈ పని చేసే శాస్త్రవేత్తలు ఒకే చోట చాలా చెట్లు చూస్తారు, వయసు వల్ల వచ్చిన సన్నదనాన్ని లెక్కలోంచి తీసేస్తారు, అన్ని చెట్లలోనూ ఒకే ఏడాది వచ్చిన సన్నని గీతనే నమ్ముతారు. సన్నం, వెడల్పు, వెడల్పు, సన్నం, సన్నం అనే ఆ వరసను ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు జతపరుస్తారు.

ఈ జతపరచడం మొదలుపెట్టిన డగ్లస్ అనే అమెరికా ఆయన అసలు ఖగోళ శాస్త్రవేత్త. సూర్యుడి మచ్చల ప్రభావం వానల మీద ఉందేమో చూద్దామని ఆరిజోనా పైన్ చెట్ల వలయాలు పట్టుకున్నారు. బతికున్న చెట్ల నుంచి వెనక్కి ఒక వరస, పాత ఆదివాసీ కట్టడాల దూలాల నుంచి విడిగా ఇంకో వరస తయారయ్యాయి. రెండూ ఎక్కడా అతకలేదు. 1929లో షో లో అనే ఊళ్ళో దొరికిన కాలిన దూలం ఒకటి రెంటినీ అతికించింది. దాంతో ఆ కట్టడాల సంవత్సరాలన్నీ ఒక్కసారిగా తెలిసిపోయాయి. మన దేశంలో పుణెలోని ఉష్ణదేశ వాతావరణ సంస్థ, లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ టేకు, హిమాలయ చెట్ల వలయాలతో పాత వాతావరణం మీద పని చేస్తున్నాయి. జావా టేకు వలయాలను బెర్లాగె అనే డచ్చి శాస్త్రవేత్త 1514 దాకా వెనక్కి లెక్కగట్టి 1931లోనే అచ్చువేశారు. టేకు మనది, లెక్క ఎక్కడో జరిగింది అని నాకు కొంచెం బాధే.

మన వైపు వాళ్ళు తప్పక తెలుసుకోవాల్సింది ఒకటుంది. 2010లో ఎడ్వర్డ్ కుక్, ఆయన తోటి శాస్త్రవేత్తలు ఆసియా అంతటా 300కి పైగా చోట్ల సేకరించిన వలయాల వరసలతో, రుతుపవన దేశాల్లో 1300 నుంచి ఏయే ఏడు కరువో పటాలు గీశారు. అందులో పెద్ద కరువులు నాలుగు తేలాయి. వాటిలో ఒకటి 1790 నుంచి 1796 వరకూ. దాని పేరే తూర్పు ఇండియా కరువు. ఆ రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం ఉత్తర సర్కారుల్లోవి. ఇక్కడ ఆ కరువు మనుషుల్ని ఎలా ఊడ్చేసిందో ఈస్టిండియా కంపెనీ కాగితాల్లో ఉంది. ఇంకొకటి 1876 నుంచి 1878 వరకూ, రాయలసీమ పెద్దవాళ్ళు ఇప్పటికీ ధాత కరువు అని చెప్పుకునేది. దొరల కాగితాల్లో శిస్తు ఎంత పడిపోయిందో ఉంటుంది, ఎంత మంది పోయారో ఒక అంచనా ఉంటుంది. ఎక్కడెక్కడ నేల ఎంత ఎండిందో, ఏ ఏటితో మొదలై ఏ ఏటికి తేరుకుందో చెట్లు చెప్పాయి. ఈ పాఠం చెప్పిన రోజు నా క్లాసులో చప్పుడు లేదు.

మంటల సంగతి. రాజాం రోడ్డులో ఒక కోత మిల్లు ఉంది. దుంగ మొదట్లో చెడిపోయిన భాగాన్ని వాళ్ళు కట్టెల కింద అమ్మేస్తారు. అలాంటి ముక్కొకటి అడిగి తెచ్చుకున్నాను. "ఏటమ్మా, పొయ్యిలో ఎట్టుకునే ముక్కని అంతసేపు చూస్తన్నావు?" అన్నాడు అక్కడి మేస్త్రి. చూడాల్సిందే మరి. ఒక వలయం మీద నల్లటి చార, దాని మీదుగా రెండు వైపుల నుంచీ కొత్త చెక్క ముడుచుకుంటూ వచ్చి మూసుకున్న ఒంపు. అడవి కింద ఎండుటాకు మంట పాకినప్పుడు బెరడు పల్చగా ఉన్న చోట విభాజ్య పొర చచ్చిపోతుంది. అక్కడ ఇక చెక్క పెరగదు, పక్కలే పెరిగి గాయాన్ని కప్పుతాయి. లెన్స్ పెట్టి చూస్తే ఆ చార సరిగ్గా రెండు వలయాల హద్దు మీద ఉంది. చెట్టు నిద్రలో ఉండగా, కొత్త గొట్టాలు వెయ్యకముందే కాలిందని అర్థం. మన కొండల్లో మంటలు వచ్చేది ఆ ఎండు నెలల్లోనే. గీత వలయం మధ్యలో పడి ఉంటే కథ వేరేగా ఉండేది.

ఇలాంటి మచ్చలతోనే కాలిఫోర్నియా కొండల్లో సెకోయా మహావృక్షాల మీద రెండు వేల ఏళ్ళ మంటల చరిత్ర రాశారు టామ్ స్వెట్నమ్ అనే అమెరికా శాస్త్రవేత్త, 1993లో. అక్కడ వందల ఏళ్ళ పాటు చిన్న మంటలు తరచూ వచ్చి పోయేవి, చెట్లు బతికే ఉండేవి. 19వ శతాబ్దం రెండో సగం నుంచి ఆ మచ్చలు దాదాపు ఆగిపోయాయి. ముందు గొర్రెల మేత గడ్డి లేకుండా చేసింది, ఆపైన ప్రభుత్వం మంట కనబడితే చాలు ఆర్పించింది. కింద చెత్తా పొదలూ పేరుకున్నాయి. ఇప్పుడు మంట అంటుకుంటే కొమ్మల దాకా లేస్తోంది. మన కొండల్లో నిప్పు గురించి పోడు చేసేవాళ్ళనే తిట్టిపోయడం నాకు నచ్చదు. ఎక్కడ ఎన్నేళ్ళకోసారి కాలిందో ముందు మన చెట్లనే అడగాలి.

ఇక ఈ లెన్స్ చూపించలేనివి. అది లెన్స్ తప్పు కాదు, చెట్ల స్వభావం. కొబ్బరి, తాటి కాండంలో వలయాలు ఉండనే ఉండవు. వాటికి ఆ విభాజ్య పొరే లేదు. 2018లో తిత్లీ తుఫానుకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కూలిన కొబ్బరి చెట్ల మొదళ్ళు ఎన్ని కోసినా వయసు దొరకదు, చుక్కలు చుక్కలుగా నార మాత్రమే కనిపిస్తుంది. మామిడి, పనసల్లో హద్దులు స్పష్టంగా ఉండవు. బొబ్బిలి వీణ చేసే పనస చెక్క ముక్కను గొల్లపల్లి నుంచి తెచ్చి చూశాను. రంధ్రాలూ వాటి చుట్టూ లేత రంగు కణజాలం అందంగా ఉన్నాయి గానీ ఏడాది గీత పట్టలేకపోయాను. యూరప్ వాయులీనాల పైపలక స్ప్రూస్ అనే సూదాకు చెట్టు చెక్కతో చేస్తారు, అందులో గీతలు దువ్వినట్టుంటాయి. ఇటలీలో వాయులీనాలు చేసిన స్ట్రాడివరీ 1716లో చేశాడనే మెస్సయ్య వాయులీనం నకిలీదని గొడవ వచ్చినప్పుడు ఆ గీతలే తీర్పు చెప్పాయి. చిట్టచివరి వలయం 1687ది, కాబట్టి చెక్క ఆ కాలానిదే. మన వీణకు ఆ సాక్ష్యం పనస ఇవ్వదు. సాల చెట్టుతో జాగ్రత్త. అడ్డుకోతలో తెల్లటి వరసలు గుండ్రంగా తిరిగి అచ్చం వలయాల్లాగే ఉంటాయి. లెన్స్ కింద చూస్తే అవి గుగ్గిలం కారే నాళాలు, ఏడాది లెక్క కాదు. సరుగుడులో సన్నగీతలు కూడా ఏడాది లెక్క కావు.

ఇల్లు కట్టుకునేవాళ్ళకు కూడా ఈ లెన్స్ పనికొస్తుందా అని అడుగుతున్నారు. కొంత పనికొస్తుంది. టేకు పేరుతో రంగు పూసిన వేరే చెక్క ఇస్తే, ఆ పెద్ద రంధ్రాల వరస లేకపోవడంతోనే అనుమానం వస్తుంది. ఇటీవల ఒక డిపోలో, పేరెందుకు, పాత అడవి టేకు అని చెప్పి ధర పెంచిన సైజు చెక్కల చివర చూస్తే సెంటీమీటరు వెడల్పు వలయాలు ఉన్నాయి. అది నీళ్ళు పోసి తొందరగా పెంచిన లేత తోట టేకు. వెడల్పు వలయం ఉంటే చెక్క బలం తక్కువని కాదు, టేకులో ఆ మాట నిలవదు. కానీ లేత చెట్టులో చేవ తక్కువ, చుట్టూ తెల్లచెక్క ఎక్కువ, చెదపురుగు ముందు దాన్నే పడుతుంది. అడవి టేకు ధర పెట్టి అది కొనక్కర్లేదు కదా. ఒక్కటి గుర్తుంచుకోండి, గుమ్మం చెక్కలో తెల్లచెక్క చెక్కేసి ఉంటుంది కాబట్టి దాంట్లో ఎన్ని వలయాలున్నాయో చెప్పగలం, చెట్టు ఏ ఏడు కొట్టారో చెప్పలేం. దుంగ చివర అటవీ శాఖ సుత్తి ముద్ర ఉంటే అక్కడ ఉలి పెట్టొద్దు. పక్కన కోసిన ముక్క అడిగి తీసుకోండి. నిలబడి ఉన్న చెట్టులోంచి పెన్సిలంత సన్నటి కడ్డీ తీసే బోరు పరికరం వేరే ఉంది, దానికి అనుమతి కావాలి, అది పిల్లల ఆట కాదు.

లెన్స్‌లో లోపాలు కూడా చెప్పాలి. అంచుల్లో చూపు కాస్త వంగుతుంది, నడిమి భాగం మాత్రమే నికార్సు. స్క్రూ వదులైపోతుంది, నెలకోసారి బిగించుకోవాలి. లోపల కొలత గీతలు లేవు కాబట్టి వలయం వెడల్పు కొలవాలంటే పారదర్శకమైన స్కేలు చెక్క మీద పెట్టుకుని చూడాలి. అర మిల్లీమీటరు కన్నా సన్నని వలయాలున్న ముసలి చెట్లకు ఇది చాలదు, మైక్రోస్కోపు ఉండాల్సిందే. తాడు ఇవ్వరు, రంధ్రం మాత్రం ఉంది. మెడలో వేసుకోవడానికి పాత ఐడీ కార్డు దారం సరిపోయింది.

ఐదుకు నాలుగున్నర ఇస్తాను. స్కూలు కోసం పది కలిపి తీసుకుంటే ఒక్కోటి 250కి ఇస్తామన్నారు, జీఎస్టీ బిల్లు కూడా రాస్తారు. ఆదివారం కొట్టు ఉండదు.